క్రీమ్ పడట్లేదా? ఏ పదార్థం వల్లో పేరుతో సహా పట్టుకోవడం ఎలా

రెండేళ్ల కింద ఒక మూడు నెలలు నా కనురెప్పలు రోజూ దురద పెట్టేవి. పొద్దున లేచేసరికి ఉబ్బిపోయి, చర్మం బిరుసెక్కి, సన్నగా పొట్టు లేచేది. కొత్తగా కొన్న ఐ క్రీమ్ వల్లేమో అని అది మానేశా, తగ్గలేదు, ఫేస్ వాష్ మార్చా, మస్కారా పక్కన పెట్టా, ఆఖరికి దిండు గలీబు కూడా మార్చేశా. ఇన్ని మార్చినా ఒక్కదాని జోలికి మాత్రం పోలేదు, రోజూ రాత్రి మేకప్ తుడుచుకునే వెట్ వైప్స్. నాలుగేళ్లుగా వాడుతున్నా, ఇన్నాళ్లు ఏమీ చెయ్యనిది ఇప్పుడేం చేస్తుందిలే అనుకున్నా. చివరికి తేలింది అదే, అందులో ఉన్న మిథైల్ ఐసోథయాజొలినోన్ అనే ప్రిజర్వేటివ్, అంటే సరుకు పాడవకుండా కలిపేది.

అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. ఒంటికి ఏదైనా పడకపోతే మనం బ్రాండ్ ని తిట్టుకుని ఇంకో బ్రాండ్ కొంటాం, లేదంటే "అన్నీ కెమికల్సే" అని నేచురల్ అని రాసున్న సీసా తెచ్చుకుంటాం. రెండింటి వల్లా ఏం లాభం లేదు, ఎందుకంటే మీకు పడని పదార్థం ఆ కొత్త సీసాలో కూడా ఉండొచ్చు, షాంపూలో ఉండొచ్చు, గిన్నెలు తోమే లిక్విడ్ లో కూడా ఉండొచ్చు. ఆ పదార్థం పేరేంటో తెలిసేదాకా దురద పోయినట్టే పోయి మళ్ళీ వస్తూనే ఉంటుంది.

ముందు అసలు వచ్చింది ఇరిటేషనా, అలర్జీయా అన్నది చూసుకోవాలి. రెండూ ఎర్రగానే ఉంటాయి గానీ సంగతి వేరు. ఇరిటేషన్ అంటే ఆ పదార్థం చర్మాన్ని నేరుగా దెబ్బ తియ్యడం, ఎక్కువ రాస్తే ఎవరికైనా వస్తుంది. గ్లైకాలిక్ యాసిడ్, రెటినాల్ లాంటివి రోజూ పూసేస్తే రాసిన కాసేపటికే మంట, చురచుర, బిగుతు. సబ్బుతో పదే పదే మొహం కడిగినా ఇంతే, మన చర్మం పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) 5 దగ్గర ఉంటే మామూలు సబ్బు బిళ్ళది 9, 10 దాకా ఉంటుంది మరి. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, వాడకం తగ్గించండి, రోజు విడిచి రోజు రాయండి, చాలావరకు సర్దుకుంటుంది.

అలర్జీ అలా కాదు. ఇక్కడ మన రోగనిరోధక శక్తి ఒక పదార్థాన్ని శత్రువు అని గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు పడటానికి కొందరికి రెండు వారాలు చాలు, కొందరికి ఏళ్లు పడుతుంది, అందుకే "ఎప్పట్నుంచో వాడుతున్నా" అన్న మాట ఏ సీసాకీ క్లీన్ చిట్ కాదు. ఒకసారి గుర్తు పడ్డాక చాలా కొంచెం తగిలినా చాలు, మంట కన్నా దురద ఎక్కువ, రాసిన చోటు దాటి పక్కకి కూడా పాకుతుంది. అన్నిటికన్నా మనల్ని తికమక పెట్టేది టైము. ఇది వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటుంది. శనివారం రాసుకున్నదానికి సోమవారం మొహం వాస్తుంది, మనమేమో ఆదివారం వాడినదాన్ని పట్టుకుని అదే దొంగ అంటాం. కాబట్టి రియాక్షన్ వచ్చిన రోజు కాదు, దానికి ముందు మూడు నాలుగు రోజులు ఏమేం ఒంటికి తగిలాయో రాసుకోండి.

మూడో రకం ఇంకోటుంది, అరుదే గానీ తెలిసి ఉండాలి. రాసిన నిమిషాల్లోనే ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, పెదాలు నాలుక వాయడం, ఊపిరి అందకపోవడం, కళ్ళు తిరగడం. అప్పుడు ఇదంతా చదువుతూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇప్పుడు ఎక్కడ వచ్చిందో చూడండి, వచ్చిన చోటే సగం జవాబు చెప్తుంది. వింతేంటంటే రాసిన చోటే రావాలని లేదు. కనురెప్ప చర్మం ఒంట్లో కల్లా పల్చన, చేతికి అంటిన ప్రతిదీ, తల మీంచి కారిన ప్రతిదీ దానికి ముందు తగులుతుంది. గోళ్ళకి రంగు వేసుకుంటే గోళ్ళ దగ్గర ఏమీ ఉండదు, వేలి కొసలు తెలీకుండా రోజుకి ఎన్నోసార్లు కళ్ళని తాకుతాయి కాబట్టి రెప్పలు వాస్తాయి. మామూలు నెయిల్ పాలిష్ లు కొన్నిట్లో టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ అని ఉంటుంది, జెల్ నెయిల్స్ లో అయితే అక్రిలేట్లు, ముఖ్యంగా హేమా అనేది. ఈ జెల్ కిట్లు ఇంట్లో వాడేవాళ్ళకి గట్టిగా చెప్తున్నా, లైటు కింద పూర్తిగా గట్టిపడని జెల్ చర్మానికి తగలడమే ప్రమాదం. అక్రిలేట్ అలర్జీ ఒకసారి వస్తే పోదు, ఆ జాతి పదార్థాలు పళ్ళ ఫిల్లింగుల్లో, షుగర్ చూసే సెన్సర్ల జిగురులో కూడా ఉంటాయి, రేపు అవసరమైనప్పుడు ఇబ్బంది అవుతుంది.

చెవుల వెనక, మెడ పక్కల, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట వస్తే షాంపూ, కండిషనర్, జుట్టు రంగు చూడండి, నీళ్ళు కారే దారి అదే కదా. పెదాల చుట్టూ అయితే లిప్ బామ్ తో పాటు టూత్ పేస్ట్ ని కూడా లెక్కలోకి తీసుకోండి. చంక మధ్యలో ఉంటే డియోడరెంట్, మధ్యలో బాగుండి చుట్టూ అంచున ఉంటే బట్టల రంగు కావచ్చు. ఎండ తగిలే చోటే వచ్చి గడ్డం కింద, చెవుల వెనక ఏమీ లేకపోతే సన్ స్క్రీన్ మీద అనుమానం పెట్టుకోండి, ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్ లాంటివి చాలాసార్లు ఎండ తగిలాకే రియాక్షన్ ఇస్తాయి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ మాత్రమే ఉన్న సన్ స్క్రీన్ తో ఈ గొడవ దాదాపు ఉండదు.

ఇక లేబుల్. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఫోన్ తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి, కానీ 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అలర్జీ తెచ్చేవి చాలావరకు ఆ చివరి గుంపులోనే ఉంటాయి, అందుకని మొదటి అయిదు పేర్లు చూసి వదిలెయ్యకండి, లిస్టు చివర్నుంచి చదవడం అలవాటు చేస్కోండి.

నేనైతే మొదట వెతికేది వాసన. ఫ్రాగ్రెన్స్ అనో పర్ఫ్యూమ్ అనో ఒక్క మాట ఉంటుంది, ఆ ఒక్క మాట వెనక పదులకొద్దీ పదార్థాలు ఉండొచ్చు. కాస్మెటిక్స్ అలర్జీల్లో వాసనలది, ప్రిజర్వేటివ్ లదే పెద్ద వాటా. యూరప్ లో 26 వాసన పదార్థాలని ఒక మోతాదు దాటితే విడిగా పేరు పెట్టి రాయాలని రూల్ ఉండేది, 2023లో ఆ లిస్టుని 80కి పైగా పెంచారు. లినలూల్, లిమోనీన్, జెరానియాల్, యూజినాల్, సినమాల్, సిట్రొనెల్లాల్ ఇవన్నీ ఆ కోవే. లినలూల్, లిమోనీన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. సీసా కొత్తగా తెరిచినప్పుడు వీటి వల్ల పెద్దగా ఏమీ ఉండదు, గాలి తగిలే కొద్దీ ఆక్సిడైజ్ అయ్యి హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి, అవీ అసలు అలర్జీ తెచ్చేవి. లావెండర్ నూనె, టీ ట్రీ నూనె కూడా పాతబడితే ఇదే కథ. అదే సీసా మొదటి నెల బాగుండి ఏడాదికి దురద పెట్టడంలో వింతేం లేదన్నమాట. డబ్బా వెనక మూత తీసిన డబ్బా బొమ్మ వేసి 6ఎం, 12ఎం అని ఉంటుంది చూడండి, తెరిచాక అన్ని నెలలే వాడాలి. తెరిచిన రోజు తేదీ మార్కర్ తో డబ్బా మీదే రాసేస్తే సరి.

తర్వాత ప్రిజర్వేటివ్ లు. నన్ను ఏడిపించిన మిథైల్ ఐసోథయాజొలినోన్ ని అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ (చర్మానికి ఏదైనా తగిలి వచ్చే ఇలాంటి దురద, వాపు) డాక్టర్ల సంఘం 2013లో ఆ ఏటి అలర్జెన్ గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా ప్రకటించింది. యూరప్ లో రాసుకుని వదిలేసే వాటిలో, అంటే క్రీములు, వైప్స్ లాంటి వాటిలో 2017 నుంచి నిషేధం, కడిగేసేవాటిలో 0.0015 శాతం దాటకూడదు. అన్ని దేశాల్లో ఇలా లేదు, కాబట్టి మన కళ్ళతో మనమే చూసుకోవాలి. మిథైల్ క్లోరో ఐసోథయాజొలినోన్ అని దీని జంట ఒకటి పక్కనే ఉంటుంది చాలాసార్లు. ఇక డీఎండీఎం హైడాంటోయిన్, ఇమిడజోలిడినిల్ యూరియా, డయజోలిడినిల్ యూరియా, క్వాటర్నియం 15, బ్రోనోపాల్, ఇవి మెల్లమెల్లగా ఫార్మాల్డిహైడ్ ని వదులుతూ క్రీముని పాడవకుండా కాపాడతాయి. లేబుల్ మీద ఫార్మాల్డిహైడ్ అన్న మాటే ఉండదు, అందుకని ఆ అలర్జీ ఉన్నవాళ్ళు ఈ పేర్లు తెలుసుకోవాల్సిందే.

చాలామంది భయపడే పారాబెన్ల గురించి నా మాట కొందరికి నచ్చదేమో గానీ చెప్తా. అలర్జీ వరకు చూస్తే ప్రిజర్వేటివ్ లలో అవి చాలా నెమ్మదైనవి, అదే డాక్టర్ల సంఘం 2019లో పారాబెన్లని "అలర్జెన్ కాని అలర్జెన్" అని ప్రత్యేకంగా ప్రకటించింది. పారాబెన్ ఫ్రీ అని చూసి మనం మురిసిపోయి కొన్న సీసాలో దాని బదులు ఐసోథయాజొలినోన్ పెట్టి ఉంటే చర్మానికి జరిగింది మేలు కాదు. నా వైప్స్ ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో పారాబెన్ ఫ్రీ అనే ఉండేది.

ముందు వైపు రాసే మాటలన్నీ ఇలాగే జాగ్రత్తగా చూడాలి. హైపోఅలర్జెనిక్ (అలర్జీ తక్కువ) అన్న మాటకి అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర కూడా ఒక నిర్వచనం, ప్రమాణం లేవు, కంపెనీ ఏ అర్థంలో వాడితే అదే అర్థం. డెర్మటాలజిస్ట్ టెస్టెడ్ అంటే ఎంతమంది మీద, ఏం తేలింది అన్నది అందులో ఉండదు. అన్‌సెంటెడ్ అంటే వాసన రాదు అని మాత్రమే, ఆ వాసన రాకుండా ఇంకో వాసన కలిపి ఉండొచ్చు, మీకు కావాల్సింది ఫ్రాగ్రెన్స్ ఫ్రీ. నేచురల్ కూడా అంతే, మొక్కల నూనెల్లో అలర్జీ తెచ్చేవి బోలెడు. మొహానికి నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే కాలినట్టు బొబ్బలెక్కి నల్లటి మచ్చలు నెలల తరబడి ఉండొచ్చు, అందులో ఏ ఫ్యాక్టరీ కెమికలూ లేదు.

సరే, ఇప్పుడు ఇంట్లో చెయ్యాల్సిన పని. రియాక్షన్ ఉన్నప్పుడు మొహానికి వాడేవన్నీ ఆపేయండి, ఒక్కోటి కాదు, అన్నీ ఒకేసారి. నేను ఒక్కోటి తీసేస్తూ పోవడం వల్లే మూడు నెలలు పట్టింది. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని ఉత్త పెట్రోలియం జెల్లీ, అంతే. దురదకి చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ఎవరో వాడి తగ్గింది అన్న ట్యూబ్ మాత్రం పుయ్యొద్దు, కనురెప్పల మీద అసలే వద్దు. అలర్జీ తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారానికే తగ్గలేదని కంగారు పడి ఇంకోటి మొదలెడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

చర్మం పూర్తిగా మామూలయ్యాక ఒక్కో ప్రొడక్ట్ ని టెస్ట్ చెయ్యాలి. ముంజేతి లోపలి వైపు గానీ మోచేతి మడతలో గానీ రూపాయి బిళ్ళంత చోటు చూసుకుని, అక్కడ ఆ క్రీమ్ ని రోజుకి రెండుసార్లు, మొహానికి రాసినంత మందంగానే, ఏడు నుంచి పది రోజులు రాయాలి. ఒక్కసారి రాసి మర్నాడు చూసి బానే ఉంది అనుకునే టెస్టు ఇరిటేషన్ ని పట్టుకుంటుందేమో గానీ అలర్జీని పట్టుకోలేదు, పైన చెప్పాగా టైము. రాసిన చోటు కడగకూడదు. ఫేస్ వాష్ లాంటి కడిగేసేవైతే మామూలుగా ఉంచుకునేంత సేపు, ఒక అయిదు నిమిషాలు ఉంచి కడిగేయండి, వాటిని సీల్ చేసినట్టు కట్టు కట్టి ఉంచితే ఎవరికైనా మండుతుంది. దురదొచ్చి ఎర్రబడితే ఆపేసి, ఆ లేబుల్ ఫొటో తీసి దాచుకోండి. పడని సీసాలు రెండు మూడు తేలితే ఆ లిస్టులు పక్కపక్కన పెట్టి ఏ పేరు అన్నిట్లో ఉందో, పడిన సీసాల్లో ఏది లేదో చూడండి. అనుమానితులు అక్కడే సగానికి సగం తగ్గిపోతారు.

ఈ టెస్టు జుట్టు రంగుకి చెయ్యకండి, దాని రూల్స్ వేరు. నల్ల రంగుల్లో ఉండే పీపీడీ, అంటే పారా ఫెనిలీన్ డయమీన్, చాలా గట్టిది. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల వెంట్రుకల రంగు ఇలాంటి పదార్థం వల్లే కొందరి చూపుని దెబ్బతీసింది, ఒక ప్రాణం కూడా తీసింది, 1938లో అక్కడ కాస్మెటిక్స్ ని చట్టం కిందకి తేవడానికి అదీ ఒక కారణం. రంగు వేసుకునే ప్రతిసారీ, ఇంతకుముందు పదిసార్లు వేసుకున్నా సరే, ప్యాకెట్ మీద చెప్పినట్టు 48 గంటల ముందు కొంచెం రాసి చూడాలి. బ్లాక్ హెన్నా అని వేసే టాటూల్లో కూడా పీపీడీయే కలుపుతారు, నిఖార్సైన గోరింటాకు ఎర్రగా నారింజగా పండుతుంది గానీ గంటలో నల్లగా అవ్వదు. అది వేసుకున్నప్పుడు డిజైన్ ఎలా ఉందో అలాగే బొబ్బలు లేచినవాళ్ళు ఇంక జన్మలో పీపీడీ ఉన్న రంగు తలకి పెట్టకూడదు, ఇంట్లో టెస్టు కూడా చెయ్యొద్దు, నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

తెల్లబరిచే క్రీముల గురించి ఒక్క పేరా. వీటిలో పాదరసం, డాక్టర్ చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన గట్టి స్టెరాయిడ్లు కలిపినవి దొరుకుతుంటాయి. పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న 2013 నాటి మినమాటా ఒప్పందం ప్రకారం 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) దాటి పాదరసం ఉన్న కాస్మెటిక్స్ ని 2020కల్లా ఆపెయ్యాల్సింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. క్యాలొమెల్, మెర్క్యూరిక్, అమ్మోనియేటెడ్ మెర్క్యూరీ లాంటి మాటలున్నా, నగలకి తగలనివ్వొద్దు అని రాసున్నా, అసలు పదార్థాల లిస్టే లేకపోయినా ఆ డబ్బా ఇంట్లో ఉండకూడదు. పాదరసం కిడ్నీలని పాడు చేస్తుంది, తువ్వాళ్ళ ద్వారా ఇంట్లో పిల్లలకి కూడా చేరుతుంది. వారంలోనే మొహం మెరిసిపోయి, మానేస్తే భగభగ మండి ఎర్రబడుతోందంటే స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. చాన్నాళ్లుగా వాడుతుంటే సొంతంగా తంటాలు పడకండి, డాక్టర్ సాయంతోనే మానాలి.

ఇంట్లో తేలకపోతే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. రక్తం తీసి చేసే అలర్జీ టెస్టులు, సూదితో గుచ్చి పావుగంటలో చూసే టెస్టు ఈ రకం అలర్జీని చూపించవు, వాటికి డబ్బు పొయ్యొద్దు. నాకు వీపు మీద గుండీలంత చిన్న చిన్న గిన్నెల్లాంటివి వరసగా టేపుతో అంటించారు, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం, పక్కన మార్కర్ తో గీతలు. రెండు రోజులు స్నానం లేదు, చెమట పట్టకూడదు, బరువులు ఎత్తకూడదు. 48 గంటలకి టేపు తీసినప్పుడు అంతా దాదాపు మామూలుగానే ఉంది, ఇదీ వేస్టేనా అని నీరసం వచ్చింది. నాలుగో రోజు మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ నా వీపు ఫొటో తీసి చూపించింది, మిగతా గళ్ళన్నీ ఖాళీ, ఒక్క గడిలో మాత్రం గుండ్రంగా ఎర్రటి మచ్చ, దాని మీద ఆవగింజల్లాంటి పొక్కులు. అందుకే రెండో రీడింగ్ కి వెళ్ళకుండా ఉండకండి. వెళ్ళే ముందు స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే చెప్పండి, వాటితో రిజల్ట్ తప్పొస్తుంది. మీ సీసాలన్నీ కూడా ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి.

పేరు తెలిశాక పని సగమే అయినట్టు. ఆ పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ తో, దానికున్న మారుపేర్లతో సహా ఫోన్ లో పెట్టుకోండి. వాడేదే మళ్ళీ కొంటున్నా వెనక చదవండి, కంపెనీలు చెప్పకుండా ఫార్ములా మారుస్తుంటాయి. కాస్మెటిక్స్ దగ్గరే ఆగకండి కూడా. వైప్స్ మానేశాక ఎనిమిది నెలలు హాయిగా ఉన్నా, పక్క గదికి కొత్తగా రంగు వేసిన మూడో రోజు రెప్పలు మళ్ళీ ఉబ్బాయి, మొహానికి ఏమీ రాయకపోయినా. నీళ్ళలో కలిపే గోడ రంగుల్లో ఇదే ప్రిజర్వేటివ్ వాడతారు, ఆరాక కూడా వారాల తరబడి గాల్లోకి వస్తుంది. మీకూ ఈ అలర్జీ అని తేలితే ఇంటికి రంగు వేయించేటప్పుడు ముందే ఐసోథయాజొలినోన్ లేనిది అడగండి, అది దొరక్కపోతే ఆ కొన్ని వారాలు ఇంకో చోట పడుకునే ఏర్పాటు చేస్కోండి.